చిన్న మార్పే కానీ ప్రాణం హాయిగా ఉంది... మీ ఇంట్లో అలాంటివి ఏమున్నాయి?

కూకట్‌పల్లి_కాపురం
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ రాయడం తక్కువ నేను. మొన్న ఆదివారం మా ఆవిడ వాళ్ల పిన్ని వాళ్లు భోజనానికి వచ్చారు, పప్పు అయింది, గుత్తి వంకాయ సగంలో ఉంది, స్టవ్ టుప్పున ఆరిపోయింది. రెండో సిలిండర్ ఉందిగా అనుకున్నా, అదీ ఖాళీయే, బుక్ చేయడం నేనే మర్చిపోయా. ఆ తర్వాత ఇంట్లో నా పరిస్థితి మీకు వేరే చెప్పక్కర్లేదు. పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ల సిలిండర్ ఇచ్చి ఆదుకున్నారు, ఇస్తూ ఇస్తూ ఒక మాట చెప్పారు. తడిగుడ్డతో సిలిండర్‌ని పైనుంచి కిందదాకా తుడిచి రెండు నిమిషాలు ఆగి చూడు నాయనా, ఖాళీ ఉన్న మేర తొందరగా ఆరిపోతుంది, లోపల గ్యాస్ ద్రవంగా ఉన్నంత మేర ఇనుము చల్లగా ఉండి తడి అలాగే ఉంటుంది, ఆ గీత దాకా ఉన్నట్టు లెక్క అని. చూశా, నిజమే. పదిహేనేళ్ల కాపురంలో ఈ ముక్క నాకు తెలియదు.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అని. మీవి చెప్పండి. షరతులు రెండే. పెద్ద ఖర్చు ఉండకూడదు, కనీసం ఆర్నెల్లుగా మీరు వాడుతూ ఉండాలి. వీడియోలో చూశాను బాగుందట అనేవి వద్దు, అవి చూసీ చూసీ విసుగొచ్చింది.

నిడదవోలు_పెద్దాయన
బాబూ, మీరు తడిగుడ్డ దగ్గరే ఆగిపోయారు. సిలిండర్ తలకాయ దగ్గర, వాల్వు చుట్టూ మూడు పట్టీలు ఉంటాయి చూడండి, అందులో ఒక దాని లోపలి వైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన రెండంకెలు రాసి ఉంటాయి. అది పరీక్ష గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే సెప్టెంబర్ దాకా, డీ అంటే డిసెంబర్ దాకా. బీ-27 అని ఉంటే 2027 జూన్‌తో గడువు అయిపోతుంది. దాటిపోయింది వస్తే తీసుకోకుండా వెనక్కి పంపొచ్చు. అలాగే ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలుపుకుంటే నిండు బరువు, తెచ్చిన అబ్బాయిని తూచమంటే తూచాలి. మొహమాటపడకండి. నేను ప్రతిసారీ తూయిస్తాను, మా వీధిలో ఆ అబ్బాయి నన్ను చూడగానే కాటా బయటికి తీస్తాడు.

కూకట్‌పల్లి_కాపురం
వామ్మో. ఇప్పుడే వెళ్లి చూశా. ఒకటి డీ-28. ఇంకోదాని మీద పెయింట్ పెచ్చు లేచిపోయి అంకె కనబడట్లేదు. రేపు మార్పిస్తా. థాంక్స్ సార్.

కరీంనగర్_పిలగాడు
అన్నా నమస్తే. నేను పోయిన ఎండకాలం రెండొందల యాభై పెట్టి రంజన్ (మట్టికుండ) కొన్న. ఫ్రిజ్జు నీళ్లు తాగితే మా పోరనికి ఊకె గొంతు పట్టుకుంటుండె. వంటింటి దర్వాజ కాడ గాలి కొట్టే జాగ సూసి, కింద ఇసుక పోసి, దాని మీద రంజన్ పెట్టి, సుట్టు తడి గోనెసంచి కట్టిన. మధ్యాహ్నం రెండు గంటలకు తాగినా నీళ్లు జివ్వుమంటయ్. కొత్తదాన్ని ఒక దినమంతా నీళ్లల్ల నానబెట్టాలె, లోపట సబ్బు పెట్టి తోమద్దు, ఉత్త పీచుతోని రుద్దితే చాలు, సబ్బు మట్టిల ఇంకి వాసనొస్తది. ఇప్పుడు ఫ్రిజ్జుల నీళ్ల సీసలు లేవు, ఆ జాగల కూరగాయలు పెడుతున్నం.

కాకినాడ_కాజా
అయ్ బాబోయ్, మా దగ్గర ఈ పప్పులు ఉడకలేదండి. నేనూ ఎంతో మోజుపడి కుండ కొన్నానండి, ఇసుకా పోశాను, గుడ్డా కట్టాను, రోజూ దానికి నీళ్లు చల్లడమే ఒక పని అయిపోయింది. నీళ్లు చూస్తే కుళాయి నీళ్ల కంటే ఓ పిసరు చల్లన, అంతే. మా అత్తగారైతే కుండ మంచిది కాదు, కొనేటప్పుడు కొట్టి చూసుకోలేదు అని నన్నే అన్నారండి. మీ కరీంనగర్ కుండలు ఏవైనా స్పెషలాండీ?

లెక్కల_మాస్టారు
కాజా గారూ, కుండ తప్పు కాదు, మీ తప్పూ కాదు, సముద్రం తప్పు. కుండ చల్లబడేది మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీళ్లు బయట ఆవిరైనప్పుడు. ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతాయి. కరీంనగర్ మే నెలలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గబగబా ఆవిరవుతాయి. మీ ఊళ్లో ఎండాకాలం చొక్కాకి పట్టిన చెమట ఆరుతుందా? ఆరదు కదా, కుండదీ అదే బాధ. ఎయిర్ కూలర్లు కూడా మీ దగ్గర అందుకే అంతగా పనిచేయవు. అత్తగారికి ఈ పోస్టు చూపించండి.

నా వంతు. షరతు కొంచెం మీరుతున్నా, క్షమించాలి, ఖర్చు ఎక్కువే. మా హాల్లో, బెడ్‌రూమ్‌లో పాత ఫ్యాన్లు తీసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తాగే మోటారు, రిమోట్‌తో నడిచే రకం) వేయించా. పాతది ఫుల్ స్పీడులో 75 వాట్లు తాగుతుంది, ఇది 30 దగ్గర ఆగుతుంది. తేడా 45 వాట్లు. రోజుకి 16 గంటలు తిరిగితే 720 వాట్-అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్), అంటే ముప్పావు యూనిట్‌కి కొంచెం తక్కువ, నెలకి ఒక్కో ఫ్యాన్ మీద 21 యూనిట్ల పైన మిగులు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కూడా ఎక్కువసేపు లాగుతుంది, మాకు అసలు సుఖం అక్కడే తెలిసింది.

బేరం_భానుమతి
మాస్టారూ లెక్క బానే ఉంది కానీ ఫ్యాన్ ఖరీదు చెప్పలేదేం? మాకు ఒక్కోటి 2800 పడింది. యూనిట్ ఐదు రూపాయలు వేసుకున్నా నెలకి 108 మిగిలితే డబ్బులు తిరిగి రావడానికి 26 నెలలు, అదీ మీరు ఏడాది పొడుగునా రోజూ 16 గంటలు తిప్పితే. డిసెంబర్, జనవరిలో ఎవరు తిప్పుతారు? ఇంక ఆ రిమోట్ సంగతి. మా ఇంట్లో అది సోఫా సందులో పడి పదకొండు రోజులు దొరకలేదు, స్పీడ్ తగ్గించే దారి లేక, రాత్రి చలేసి స్విచ్ ఆపడం, ఉక్కపోసి మళ్లీ వేయడం. గోడ మీద రెగ్యులేటరే హాయి.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నా. తిరుగుతున్న ఫ్యాన్ పీకి ఇది పెడితే రెండేళ్ల పైమాటే. కానీ పాతది కాలిపోయి ఎలాగూ కొత్తది కొనేటప్పుడు, మామూలు ఫ్యాన్‌కీ దీనికీ ఉన్న తేడా మాత్రమే లెక్కలోకి వస్తుంది, అది ఏడాది, ఏడాదిన్నరలో వచ్చేస్తుంది. కాబట్టి సవరణ: ఉన్నది పాడయ్యాకే మార్చండి. కరెంటు బిల్లు స్లాబు మారే చోట ఉన్నవాళ్లకి ఇంకొంచెం లాభం. రిమోట్‌కి మాత్రం నా దగ్గర జవాబు లేదు, మేం దారం కట్టి మేకుకి వేలాడదీశాం.

డాలస్_దోశ
మా వైపు నుంచి ఒకటి. ఇక్కడ జనవరిలో దోశ పిండి రెండ్రోజులైనా పులవదు, రాయిలా అలాగే కూర్చుంటుంది. ఎవరో చెప్పారు ఓవెన్ ఆన్ చేయకుండా లోపల లైటు మాత్రం వేసి గిన్నె పెట్టమని. ఆ బల్బు వేడికే లోపల గోరువెచ్చగా అవుతుంది, రాత్రి పెడితే పొద్దున్నకి పొంగి ఉంటుంది. మూడేళ్లుగా ఇదే చేస్తున్నా. (కొత్త ఓవెన్లలో ఎల్‌ఈడీ బల్బు ఉంటే వేడి రాదు, చూసుకోండి.)

కానీ ఒక ఘోరం కూడా చెప్పాలి. ఒకసారి పిండి లోపల ఉందని మర్చిపోయి మా ఆయన పిజ్జా కోసం ఓవెన్ 425లో ప్రీహీట్ పెట్టాడు. ప్లాస్టిక్ మూత కరిగి పిండిలోకి జారి, ఇల్లంతా వాసన, స్మోక్ అలారం కేకలు, బయట మంచు, కిటికీలన్నీ తెరుచుకుని జాకెట్లు వేసుకుని హాల్లో కూర్చున్నాం. అప్పట్నుంచి ఓవెన్ హ్యాండిల్‌కి ఒక రబ్బర్ బ్యాండ్ వేస్తా, బ్యాండ్ ఉంటే లోపల పిండి ఉన్నట్టు.

బేరం_భానుమతి
425 ఏంటమ్మా, భట్టీ పెట్టారా

డాలస్_దోశ
ఫారెన్‌హీట్ అక్కా 😄 మన లెక్కలో 218 అనుకోండి.

తాండూరు_బండ
బాత్రూమ్ కుళాయిల మీద బోరు నీళ్ల తెల్ల పొర ఉంటుంది కదా, దానికి వెనిగర్. టిష్యూని వెనిగర్‌లో ముంచి కుళాయికి చుట్టి అరగంట వదిలేస్తే గోకక్కర్లేదు, తుడిస్తే వస్తుంది. షవర్ రంధ్రాలు మూసుకుపోతే ప్లాస్టిక్ కవర్‌లో వెనిగర్ పోసి షవర్‌కి కట్టేయండి రాత్రంతా. నిమ్మచెక్క అయినా పర్వాలేదు.

ఇంక నా బుద్ధి గడ్డి తిన్న సంగతి. ఇంత బాగా పనిచేస్తోంది కదా అని నిమ్మరసం వంటింటి గట్టు మీద, నేల మీద మరకలకి కూడా రుద్దేశా. మావి తాండూరు బండలు. అది సున్నపురాయి జాతి, కుళాయి మీద పొరా అదే జాతి, పులుపు రెండింటినీ ఒకేలా తినేస్తుంది. గట్టు మీద అరచేయంత మచ్చ, పాలిష్ పోయి గరుకుగా, పేరు పెట్టుకున్న రాయినే పాడుచేసుకున్నా. తాండూరు, షాబాదు, పాలరాయి ఉన్నవాళ్లు పులుపు జోలికి పోకండి. బ్లీచింగ్‌తో కలిపి మాత్రం అస్సలు వాడొద్దు, ఆ వాయువు ఊపిరితిత్తులకి ప్రమాదం.

కాకినాడ_కాజా
మాస్టారూ అత్తగారికి చూపించానండి. "అయితే కరీంనగర్ నుంచి కుండ తెప్పించు" అన్నారు.

కరీంనగర్_పిలగాడు
😂😂 పంపుత అక్కా, అడ్రస్ పెట్టు

స్కూటీ_స్వాతి
నాది వస్తువు కూడా కాదు, చోటు. గుడ్డ సంచులు మా ఇంట్లో పది ఉండేవి, పెళ్లిళ్లలో ఇచ్చినవి, బట్టల షాపువి, అన్నీ బీరువా పైన. రైతు బజార్‌కి వెళ్లాక గుర్తొచ్చేవి, మళ్లీ ప్లాస్టిక్ కవర్లే. ఒకరోజు రెండు సంచులు మడిచి స్కూటీ డిక్కీలో హెల్మెట్ కింద పెట్టేశా, ఇంటికి రాగానే కూరలు తీసి ఖాళీ సంచి స్కూటీ తాళం చెవి వేలాడే కొక్కేనికే తగిలిస్తా. తాళం తీస్తే సంచి చేతికొస్తుంది. అంతే. ఏడాదిన్నర అయింది, మర్చిపోవడం లేదు. నా బుర్ర మారలేదు, సంచి చోటు మారింది.

దీంతో పాటే ఇంకోటి, కర్రీ పాయింట్‌కి స్టీలు క్యారేజీ తీసుకెళ్లడం. వేడి సాంబారు కవర్‌లో పోసి దారం చుడితే ఇంట్లో ఆ ముడి విప్పలేక కత్తెర కోసం వెతుకులాట. మొదట్లో ఆయన గిన్నెలో కొలత తెలీదమ్మా అని సణిగేవాడు. మీ గరిటెతోనే కొలిచి పోయండి అన్నా. ఇప్పుడు నన్ను చూస్తే తనే మూత తీసి పట్టుకుంటాడు, కవర్ ఖర్చు మిగిలిందని ఒక్కోసారి అర గరిట ఎక్కువే.

పల్నాడు_పంచె
ఫోన్ బెడ్‌రూమ్‌లోంచి బయట పెట్టా. ఛార్జర్ హాల్లోకి మార్చేసి అలారానికి టైంపీస్ కొన్నా. మూడొందలు. నిద్ర ఎంత మారిందంటే పదకొండింటికల్లా గురక. ఇబ్బంది ఏంటంటే అది టిక్కు టిక్కుమంటుంది, మా ఆవిడకి నిద్ర పట్టదు, దాన్ని టవల్‌లో చుట్టి బీరువాలో పెట్టింది. బీరువాలో అలారం మోగితే తాళం ఎక్కడుందో తెలీక ఐదింటికి అపార్ట్‌మెంట్ మొత్తం లేచింది. ఇప్పుడు సౌండు లేని రకం కొన్నాం. మొత్తం ఖర్చు ఎనిమిదొందలు, షరతు దాటింది.

నిడదవోలు_పెద్దాయన
పచ్చిమిరపకాయలు తొడిమలు తీసి డబ్బాలో కింద ఒక కాగితం వేసి పెడితే రెండు వారాలు ఉంటాయి. కరివేపాకు కూడా తడి ఆరాకే పెట్టాలి. ఇది మా ఇంటావిడ చెప్పమంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఒక్కసారి చదవండి. నేను ఆర్థో వార్డులో చేస్తాను. తుంటి ఎముక విరిగి వచ్చే ముసలివాళ్లని ఎలా పడ్డారు అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, రాత్రి బాత్రూమ్‌కి లేచాను, లైటు వేస్తే పిల్లలకి నిద్ర పాడవుతుందని వేయలేదు అని. దీనికి మందు చాలా చవక. మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు వస్తాయి, ఛార్జింగ్‌వి, రెండు మూడొందల్లో దొరుకుతాయి. ఒకటి మంచం కాళ్ల దగ్గర, ఒకటి బాత్రూమ్ గుమ్మం దగ్గర, కిందుగా, మోకాలి ఎత్తు లోపే అతికించండి. కళ్లలో పడదు, నేల కనిపిస్తుంది. మా ఇంట్లో రెండేళ్లుగా ఉన్నాయి, వారానికోసారి ఛార్జింగ్ పెట్టడం మా బాబు డ్యూటీ.

బాత్రూమ్‌లో పట్టుకునే స్టీలు హ్యాండిల్ కూడా పెట్టించండి. గాలి పీల్చి అతుక్కునే రకం మాత్రం వద్దు, మనిషి బరువు పడ్డప్పుడే అది ఊడుతుంది, నమ్మి పట్టుకుంటారు కాబట్టి లేకపోవడం కంటే ప్రమాదం. గోడకి డ్రిల్ చేసి బిగించిందే.

కూకట్‌పల్లి_కాపురం
సిస్టర్ గారూ, మా నాన్న 76, మా దగ్గరే ఉంటారు. హ్యాండిల్ పెట్టిద్దాం అని రెండుసార్లు అన్నా, నేనేమైనా మంచాన పడ్డానా అని కోప్పడ్డారు. ఇంకోటి, ఎక్కడ పెట్టించాలో కూడా తెలీదు. ప్లంబర్ కమోడ్ వెనకాల గోడకి పెడదాం అంటున్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వెనకాల పెడితే చేతికి అందదు సార్. ప్లంబర్‌ని కాదు, గోడని అడగండి. మీ నాన్నగారు లేచేటప్పుడు ఇప్పటికే ఎక్కడో ఒకచోట చెయ్యి ఆనిస్తూ ఉంటారు, అక్కడ టైల్ కొంచెం మసకగా, చెయ్యి మరకతో ఉంటుంది. టార్చి వేసి పక్కనుంచి చూడండి, కనిపిస్తుంది. అక్కడే పెట్టించండి. ఆయన అలవాటు మార్చుకోనక్కర్లేదు. టైల్‌కి డ్రిల్ చేసేటప్పుడు హ్యామర్ మోడ్ వద్దని చెప్పండి, పగులుతుంది, టైల్ దాటాక గోడలోకి వెళ్లేటప్పుడు వేసుకోవచ్చు.

ఆయనతో మీకోసం అనకండి. పిల్లలు జారుతున్నారు అనండి.

వరంగల్_వాకింగ్
సిస్టర్ చెప్పింది నిజం, మా నానమ్మ అట్లనే పడింది. నాది చిన్నది. ఆదివారం పదింటికి పది నిమిషాలు. 2020ల మున్సిపాలిటీ వాళ్లు దోమల కోసం ప్రచారం చేసిండ్రు గుర్తుందా, అందరూ మర్చిపోయిండ్రు, మేం బంద్ చెయ్యలే. కూలర్ నీళ్లు, పూలకుండీల కింది పళ్లేలు, ఇంకా ఫ్రిజ్జు వెనక కింద ఒక ట్రే ఉంటది, దాన్ల నీళ్లు నిలుస్తయ్, మా ఇంట్ల పురుగులు కనబడ్డది అండ్లనే. దోమ గుడ్డు దోమ అయ్యేసరికి వారం పదిరోజులు పడతది, అందుకే వారానికొకసారి పారబోస్తే సరిపోతది.

బేరం_భానుమతి
ఫ్రిజ్ వెనక ట్రే??? ఉందని కూడా తెలీదు. వెళ్లి చూస్తా

బేరం_భానుమతి
చూశా. ఆ సంగతి ఇక్కడ రాయను. ఫ్యాన్ రిమోట్ రెండోది మాత్రం అక్కడ దొరికింది.

కూకట్‌పల్లి_కాపురం
పది రోజుల తర్వాత వస్తున్నా. సిలిండర్ మార్పించా, కొత్తది తూచారు, సరిగ్గా ఉంది. లైట్లు రెండు పెట్టా. నాన్న మొదటి రాత్రి అది వెలగ్గానే ఎవడ్రా అది అని అరిచారు, ఇప్పుడు అలవాటైంది.

హ్యాండిల్ సంగతి. సిస్టర్ గారు చెప్పినట్టు టార్చి వేసి చూశా. కమోడ్‌కి కుడి పక్కన, నా మోచేతి ఎత్తులో, నాలుగు వేళ్ల ముద్ర. రోజూ అదే బాత్రూమ్ వాడుతూ ఒక్కసారి కూడా గమనించలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డా. పిల్లలు జారుతున్నారని చెప్పి అక్కడే బిగించాం. నాన్న చూసి, మంచిదే రా, తువ్వాలు ఆరేసుకోవడానికి బాగుంది అన్నారు. వారం నుంచి దాని మీద తువ్వాలే ఉంటోంది, పట్టుకుంటున్నారో లేదో తెలీదు. అడిగితే మళ్లీ కోపం.

నైట్‌డ్యూటీ_సిస్టర్
తువ్వాలు ఉంటే చెయ్యి జారుతుంది సార్. పక్కనే ఇంకో కొక్కెం కొట్టించండి, తువ్వాలుకి.

కూకట్‌పల్లి_కాపురం
కొట్టించా. ఇప్పుడు దానికి పిల్లల బనియన్లు వేలాడుతున్నాయి, తువ్వాలు హ్యాండిల్ మీదే ఉంది. కాకపోతే పొద్దున చూస్తే తువ్వాలు ఒక పక్కకి జరిపి ఉంది, మధ్యలో ఒక జానెడు చోటు ఖాళీ.